ఒక వేలంత వదులు

నా నోట్లో నువ్వుగింజ నానుతుంది. చిక్కంతా నా కనుబొమలతోనే. "మీ మొహం మీద ఆ రెండూ ఉండగా మీకు నోరెందుకండీ?" అనేది మా ఆవిడ. నేను ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ఆ రోజు వార్డులో మంచి జరిగిందో చెడు జరిగిందో చెప్పేసేది. ఆవిడ పోయాక ఇంట్లో నా కనుబొమల్ని చదివేవాళ్ళు లేకుండా పోయారు. ఆ పని వార్డులో తల్లులు అందుకున్నారు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తలలకి స్కాన్ తీయడం నా ఉద్యోగం. పసిపిల్లల నడినెత్తిన ఎముక ఇంకా మూసుకోని మెత్తటి చోటు ఉంటుంది కదా, మాడు అంటామే, అదే మాకు కిటికీ. అక్కడ కాస్త జెల్లు రాసి, బొటనవేలంత పరికరం ఆనించి, అటూ ఇటూ మెల్లిగా వంచుతూ ఉంటే లోపలి మెదడు తెరమీద బూడిదరంగులో కనిపిస్తుంది. పిల్లకి నొప్పి ఉండదు. జెల్లు చల్లగా తగిలితే మాత్రం ఉలిక్కిపడి గుక్కపెడుతుంది. అందుకే సీసాని ముందుగానే గోరువెచ్చటి నీళ్ళలో నిలబెట్టి ఉంచుతాను. ఆ సీసా కోసం ఒక మగ్గు కొని, దానిమీద నా పేరు రాసి పెట్టుకున్నాను. అయినా అందులో ఎవరో ఒకరు టీ తాగేస్తూ ఉంటారు.

మూడు నెలల ముందే పుట్టేసిన పిల్లల మెదడు పైన నున్నగా ఉంటుంది, గులకరాయిలా. ఆ తర్వాత వారం వారం ఒక్కో గీత పడుతుంది. గీత మడత అవుతుంది, మడత పక్కన ఇంకో మడత లేస్తుంది. తల్లి కడుపులో చీకట్లో జరగవలసిన పని అద్దాల పెట్టెలో, మా కళ్ళముందు జరుగుతుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా కొత్త మడత కనిపించినప్పుడల్లా నా కనుబొమలు వాటంతట అవే పైకి లేస్తాయి.

అదే తంటా. మా వార్డులో స్కాన్ ఫలితం తల్లిదండ్రులకి చెప్పవలసింది డాక్టరమ్మ. నేను చెప్పకూడదు. అది మంచి రూలే. సగం చూసి చెప్పిన మాట మనిషిని నిలువునా కూల్చేయగలదు. కానీ తల్లులు తెర వంక చూడరు, అందులో వాళ్ళకి మబ్బులు తప్ప ఏమీ కనిపించవు. నా మొహం చూస్తారు. మాస్కు మూతిని దాస్తుంది. కనుబొమల కోసం, తలకి పెట్టుకునే గుడ్డ టోపీని కళ్ళ దాకా లాక్కునేవాణ్ణి.

"ఏంటన్నయ్యా, దొంగతనానికి బయల్దేరినట్టు?" అనేది పెద్ద సిస్టరు.

పెద్ద సిస్టరు అంటే ఆ వార్డుకి ఆవిడ మాటే శాసనం. మోచేతుల దాకా చేతులు కడుక్కోనివాడు దేవుడైనా సరే గుమ్మం బయటే. ఇంటినుంచి తెచ్చే టోపీ పిల్లకి ఒక్కటే. అది ఉతుక్కి వెళ్ళిన పూట ఆస్పత్రి టోపీ పెట్టాలి. ఇంకోటి తెస్తానంటే ఒప్పుకునేది కాదు. "ఒకటికి రెండైతే రెండుకి పది అవుతాయి. ఇది వార్డా, ఉన్ని కొట్టా?" అనేది.

ఆ రోజుల్లోనే బుడంకాయ వచ్చింది.

ఆ పేరు సిస్టర్లు పెట్టింది. నా అరచేయంత వీపు, అగ్గిపుల్లల్లాంటి కాళ్ళు, ఇంత పెద్ద కోపం. తల్లి కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. వచ్చినవాళ్ళ ముక్కుకీ చెవులకీ ఫ్రేము సరిపోయేలా వంచి బిగించడం ఆ అమ్మాయి పని. తండ్రి బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి అద్దాల పెట్టె ముందు నిలబడి, "ఏమ్మా, అంతా ఓకేనా?" అని కూతుర్ని అడిగి, జవాబు వచ్చినట్టే తలూపి వెళ్ళేవాడు. నాయనమ్మ, అంటే ఆ డ్రైవరు తల్లి, రోజూ పొద్దున్నే ఇంటినుంచి వచ్చేది. అమ్మాయి మాత్రం వార్డు పక్కనే తల్లుల గదిలో ఉండేది.

మొదటి స్కాన్‌లో బుడంకాయ మెదడులో, నీటి గది అంచున, చిన్న రక్తపు మచ్చ కనిపించింది. ఇంత తొందరగా పుట్టిన పిల్లల్లో అది అరుదేమీ కాదు. డాక్టరమ్మ తల్లిని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మచ్చ చిన్నదేననీ, ఇలాంటివి చాలావరకు వాటంతట అవే కరిగిపోతాయనీ, నీటి గదులు ఉబ్బకుండా ఉన్నాయో లేదో, మెదడు పెరగవలసినట్టు పెరుగుతోందో లేదో తరచూ చూస్తూ ఉంటామనీ చెప్పింది. అమ్మాయి అంతా విని, "అర్థమైంది మేడమ్" అంది. తర్వాత నన్ను అడిగింది, "బాబాయ్ గారూ, ఆవిడ చెప్పింది అర్థమైనట్టు నా మొహం ఉందా?"

"ఉందమ్మా."

"హమ్మయ్య. నాకేం అర్థం కాలేదు."

అలాంటి పిల్ల. ఎంత దిగులులోనూ మాట ఆగేది కాదు. అద్దాల పెట్టెకి ఉన్న గుండ్రటి తలుపులోంచి చెయ్యి పెట్టి, బుడంకాయ పాదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, షాపు కబుర్లన్నీ చెప్పేది. ఒకాయన నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని, కళ్ళజోడు పోయిందని కొత్తది కొనడానికి వచ్చాడట. ఒకావిడ, చుట్టాలందరూ అందంగా కనిపించే అద్దాలు కావాలని అడిగిందట. పక్క పెట్టెల తల్లులు కూడా నవ్వేవాళ్ళు. పెద్ద సిస్టరు "ష్" అంటూనే, కథ పూర్తయ్యేదాకా అక్కడే ఏదో సర్దుతూ నిలబడేది.

నాయనమ్మ ఒక టోపీ అల్లి తెచ్చింది. చిలకాకుపచ్చ ఉన్ని, తెల్ల అంచు, నెత్తిమీద బఠాణీ గింజంత కుచ్చు. సిస్టరు అనుమతించిన ఏకైక టోపీ. దాన్ని రోజూ ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, ఆరబెట్టి, మర్నాడు తెచ్చేది. ఒకసారి విటమిను చుక్కలు ఒలికి తెల్ల అంచు మీద పసుపుపచ్చ మరక పడింది. అమ్మాయి ఎంత బాధపడిందో. తర్వాత రెండో మూడో రోజున చూస్తే మరక మాయం. "మా అత్తయ్య ఉతికితే మరకే భయపడి పారిపోతుంది" అని గొప్పగా చెప్పింది.

నాలుగో స్కాన్ ముందు ఒక మధ్యాహ్నం వేరే పిల్లకోసం మెషీను తోసుకుంటూ వెళ్తున్నాను. దాని ఒక చక్రం కీచుమంటుంది. ఆ చప్పుడు వింటే ఎప్పుడూ, "వచ్చాడమ్మా నీ ఫొటోగ్రాఫరు" అనేది అమ్మాయి. ఆ రోజు అనలేదు. స్టూలు మీద కూర్చుని ఉంది, చెయ్యి ఒళ్ళో ఉంది. గుండ్రటి తలుపు మూసి ఉంది.

"ఒంట్లో బాగాలేదామ్మా?"

తల అడ్డంగా ఊపింది. "బాబాయ్ గారూ, బుడంకాయ తల పెరగడం లేదు" అంది.

మెషీను తోయడం ఆపాను. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను." లేచి, చేతులు మళ్ళీ కడుక్కుని వచ్చి, తలుపు తీసి, టోపీ అంచుకింద చూపుడు వేలు దూర్చింది. "చూడండి. మొదటిసారి పెట్టినప్పుడు ఒక వేలంత వదులు. పోయిన వారం చూస్తే ఒక వేలు. ఇవాళా ఒక వేలే. ఒళ్ళు వచ్చింది, బుగ్గలు వచ్చాయి. తల మాత్రం అక్కడే ఉంది. మెదడు పెరిగితేనే కదా తల పెరిగేది?"

"మరి పెద్ద సిస్టరు టేపుతో కొలుస్తోందిగా. పెరిగిందనే రాస్తోంది."

"టేపుదేముంది బాబాయ్ గారూ, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. కాస్త లాగితే ఒకటి, వదిలితే ఇంకొకటి. మా షాపులో కొలత ఎంత రాసినా, ఫ్రేము ముక్కు మీద నిలిచిందా, జారిందా, అదే అసలు లెక్క. టోపీకి ఎవరితో మొహమాటం?"

నిజంగానే ఆ టోపీ వదులుగానే ఉంది. నా కళ్ళారా చూశాను. డాక్టరమ్మకి చెబితే, తలలు ఒక్కోసారి పక్కకి పడుకుని పడుకుని సన్నగా పొడుగ్గా సాగుతాయనీ, కంగారు వద్దనీ, ఎలాగూ రేపు స్కాన్ ఉంది కదా అనీ అమ్మాయికి నచ్చజెప్పింది. అమ్మాయి "సరే మేడమ్" అంది. ఈసారి అర్థమైనట్టు ఆమె మొహం కూడా లేదు.

నన్ను బాధపెట్టింది టోపీ కాదు, ఆ మూసిన తలుపు. కథలు ఆగిపోయాయి. పక్క పెట్టె తల్లి రెండుసార్లు, "నెత్తిమీద కళ్ళజోడాయన మళ్ళీ వచ్చాడా?" అని కదిపి చూసింది. లాభం లేకపోయింది. రేపు ఆ తెరమీద కనిపించేది బాగుండకపోతే ఏమైపోతారోనని బుడంకాయ గురించీ, దాని తల్లి గురించీ ఒకేసారి భయపడ్డాను.

మర్నాడు పాలు పట్టి, కునుకు పట్టేదాకా ఆగి, మొదలుపెట్టాం. సిస్టరు పైన లైటు తగ్గించింది. అమ్మాయి స్టూలు మీద, ఎదురుగా. నాయనమ్మ ఇంకా రాలేదు. గుడ్డ టోపీని కళ్ళమీదికి లాక్కున్నాను. బుడంకాయ ఉన్ని టోపీ తీసి మెషీను మీద పళ్ళెంలో పెట్టి, వెచ్చటి జెల్లు ఒక చుక్క మాడు మీద వేశాను. చిన్న మూతి ఒకసారి చప్పరించి ఊరుకుంది.

ముందు మచ్చ కోసం చూశాను. ఉన్న చోట ఒక సన్నటి గుర్తు మాత్రం మిగిలింది. నీటి గదులు రెండూ బుద్ధిగా సన్నగా ఉన్నాయి. పరికరాన్ని ఇంకాస్త వంచాను. పోయినసారి నున్నగా ఉన్న చోట మడత. దాని పక్కన ఇంకొకటి. మధ్యలో, మెదడు రెండు సగాలనీ కలిపే వంతెన ఉంటుంది, చంద్రవంకలా. దాన్ని ఈ చివరనుంచి ఆ చివరకి కొలిచి, పాత బొమ్మ పక్కన పెట్టాను. పెరిగింది. పెరగవలసినంతా పెరిగింది. చెవి వెనకనుంచి చిన్నమెదడు చూశాను. అదీ పెరిగింది.

టోపీకింద నా కనుబొమలు లేచి, గుడ్డని నెట్టుకుని బయటికి వస్తామన్నాయి. ఒక చేత్తో నుదురు సర్దుకున్నాను.

"డాక్టరమ్మ ఎక్కడ సిస్టర్?"

"కాన్పు గదిలో. అక్కడ కవల పిల్లలు తొందరపడుతున్నారు. ఎంతసేపవుతుందో తెలీదు."

అమ్మాయి నా వంకే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. "బాబాయ్ గారూ" అంది. అంతే, ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండును, రూలు చెప్పి తప్పుకునేవాణ్ణి.

ఏదో ఒక పని చెయ్యాలి కదా, బుడంకాయ తలమీద జెల్లు తుడవడానికి మెత్తటి కాగితాల కోసం మెషీను కింది సంచిలో చెయ్యి పెట్టాను. కాగితాలు అయిపోయాయి. లోపలికంటా వెతికాను. సీసాల వెనక ఏదో మెత్తగా తగిలింది. బయటికి లాగాను.

చిలకాకుపచ్చ టోపీ. తెల్ల అంచు, బఠాణీ గింజంత కుచ్చు.

పళ్ళెం వంక చూశాను. అక్కడా చిలకాకుపచ్చ టోపీ ఉంది. నేను నెమ్మదిగా ఆలోచించే మనిషిని, అయినా అప్పుడు మాత్రం తొందరగానే వెలిగింది. వెనకటి స్కాన్‌లో ఎప్పుడో టోపీ తీసి పరధ్యానంగా సంచిలో పడేసి తోసుకుపోయి ఉంటాను.

"ఇదేంటి?" అంది అమ్మాయి.

పెద్ద సిస్టరు నాకంటే ముందు అందుకుంది. "అన్నయ్యా! ఆ సంచి ఎన్నాళ్ళయింది దులిపి? ఆ టోపీ పాప దగ్గరికి తెచ్చారంటే ఊరుకోను. అసలు రెండు టోపీలేంటి? ఎవరిచ్చారు పర్మిషను?"

అమ్మాయి ఆ మాటలేవీ వినడం లేదు. సంచిలోంచి వచ్చిన టోపీని నా చేతిలోంచి తీసుకుని, కిటికీ వెలుగులోకి పట్టుకుంది. తెల్ల అంచు మీద పసుపుపచ్చ మరక.

"ఇది అదే" అంది నెమ్మదిగా. "విటమిను మరక. ఇది పోలేదు. దీనికిందే కదా నేను మొదట్లో వేలు పెట్టి చూసింది."

రెండు టోపీలూ పళ్ళెంలో పక్కపక్కన పరిచింది. షాపులో ఫ్రేములు పరిచే చెయ్యి అది. అంచుకి అంచు కలిపి, కుచ్చుకి కుచ్చు ఎదురుగా పెట్టి, వంకర లేకుండా సర్దింది. రంగు ఒకటే, అల్లిక ఒకటే. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. తేడా దగ్గర రెండు వేళ్ళు పెట్టి చూసింది. సరిగ్గా పట్టాయి.

సరిగ్గా అప్పుడు నాయనమ్మ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. పళ్ళెం చూసింది. మమ్మల్ని చూసింది. వచ్చిన దారినే వెనక్కి తిరగబోయింది.

"అత్తయ్యా!"

"నేను చేతులు కడుక్కోలేదనుకుంటానమ్మా, మళ్ళీ కడుక్కొస్తా."

"కడుక్కున్నారు. ఇటు రండి. ఇవేంటి?"

"టోపీలు."

"అది నాకూ కనపడుతోంది. ఎన్ని అల్లారు?"

నాయనమ్మ సిస్టరు వంక భయంగా చూసింది. "చంటిదాని మాడు మీద టోపీ బిగుసుకుంటే మెదడు ఎటు పెరుగుతుంది చెప్పు? నాకు రాత్రిళ్ళు అదే బెంగ. కొంచెం బిగుతు అయినట్టు అనిపించగానే కాస్త పెద్దది అల్లేదాన్ని. ఎప్పుడూ ఒక వేలు వదులుండేట్టు. ఈ సిస్టరమ్మేమో ఒక్క టోపీ అని కూర్చుంది. రంగు మారితే పట్టేస్తుందని అదే ఉన్ని, అదే కుచ్చు." తర్వాత గొంతు తగ్గించి, "మధ్యలో ఒకటి కనపడకుండా పోయింది. దొరికిపోయాననే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనకపోతే నోరు మూసుకుని ఇంకోటి తెచ్చాను" అంది.

"నన్నే మోసం చేశారా?" అంది పెద్ద సిస్టరు. ఆ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"మోసం ఏముందమ్మా. తలమీద ఎప్పుడూ ఒక్కటే ఉంది."

అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకుని నాయనమ్మ హడలిపోయింది. "అయ్యో, ఏమైందే? ఏదో పిచ్చిదాన్ని, పెరుగుతుంది కదా అని..."

"పెరుగుతుంది కదా అనా!" అమ్మాయి చేతులు తీసింది. నవ్వుతోంది. కళ్ళనిండా నీళ్ళు, ముక్కు ఎర్రగా, నవ్వు ఆగడం లేదు. "నేను టోపీ వదులుగా ఉంది, తల పెరగట్లేదని చచ్చిపోతున్నా ఇక్కడ! అది పెరుగుతుంటే మీరు టోపీ పెంచుకుంటూ పోయారా? నాతో ఒక్క మాట చెబితే మీ ఉన్ని తరిగిపోతుందా అత్తయ్యా?"

"నీకు చెబితే వార్డంతటికీ చెబుతావు కదే! నీ నోటి సంగతి నాకు తెలీదా?"

పక్క పెట్టె తల్లి ఫక్కుమంది.

నవ్వు కాస్త తగ్గాక అమ్మాయి నా వైపు తిరిగింది. టోపీ సంగతి తేలింది. తల పెరిగింది. కానీ లోపల? మొదటి రోజు మచ్చ ఆమె మరిచిపోలేదని ఆ చూపులోనే ఉంది.

"బాబాయ్ గారూ, మీరేం చెప్పకండి. మీ రూలు నాకు తెలుసు. మీ నెత్తిమీది టోపీ మాత్రం కొంచెం పైకి జరపండి."

నేను పెద్ద సిస్టరు వంక చూశాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. వెనక్కి తిరిగి, గోడ గడియారం ముందు నిలబడింది. "ఈ గడియారం ఆలస్యంగా నడుస్తున్నట్టుంది. సరిచూసుకోవాలి. చాలాసేపు పడుతుంది" అంది గోడతో.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన దయల్లో అది అన్నిటికంటే చిన్నది. ఎప్పటికీ మరిచిపోను.

టోపీ పైకి జరిపాను. నా కనుబొమలు ఏం చేశాయో నాకు తెలీదు, అవి నా మాట విన్నది ఎప్పుడు? అమ్మాయి మాత్రం చూసి, స్టూలు మీద కూలబడి, "అత్తయ్యా" అంది. నాయనమ్మ ఆ తలని తన పొట్టకి ఆనించుకుంది. మా ఆవిడ ఉంటే, ఎట్టకేలకి ఆ రెండూ ఒక పనికొచ్చాయి అనేది.

డాక్టరమ్మ వచ్చేసరికి గంట పట్టింది. కవలలు ఇద్దరూ క్షేమంగా పుట్టారట. ఆవిడ బొమ్మలన్నీ నిదానంగా చూసి, అమ్మాయిని తెర దగ్గరికి పిలిచి, పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూపించింది. మచ్చ దాదాపు కరిగిపోయింది. గదులు ఉబ్బలేదు. మడతలు నెలలకి తగ్గట్టు వస్తున్నాయి. ఇంటికి వెళ్ళాక కూడా ఎదుగుదల చూసుకుంటూ ఉండాలి, ఒక్క స్కాన్ చూసి అంతా తేల్చేయలేం, కానీ ఇవాళ కనిపించింది మాత్రం చాలా బాగుంది అంది.

"అర్థమైందా?"

"ఈసారి నిజంగానే అర్థమైంది మేడమ్" అంది అమ్మాయి.

ఆవిడ వెళ్ళగానే గుండ్రటి తలుపు తెరుచుకుంది. చెయ్యి లోపలికి వెళ్ళింది, రెండు వేళ్ళు పాదాన్ని పట్టుకున్నాయి. "ఏమే మడతల బుడంకాయా! మీ నాయనమ్మ చేసిన పని విన్నావా? మా షాపుకి ఎంతమంది వచ్చినా ఇలాంటి మనిషిని చూళ్ళేదు. విను, మొదట్నుంచీ చెబుతాను..." పక్క పెట్టె తల్లి స్టూలు దగ్గరికి జరుపుకుంది. పెద్ద సిస్టరు "ష్" అని, అక్కడే ఏదో సర్దడం మొదలుపెట్టింది.

ఆ రోజే రూలు మారింది. టోపీలు ఎన్నయినా తేవచ్చు, కానీ కొత్త సైజుకి కొత్త రంగు ఉండాలి. నాయనమ్మ పసుపు అల్లింది, తర్వాత నీలం. బుడంకాయ ఇంటికి వెళ్ళిన రోజు నెత్తిమీద ఎర్ర టోపీ. తండ్రి ఆ రోజు యూనిఫాంలోనే వచ్చాడు. "ఏమ్మా, అంతా ఓకేనా?" అన్నాడు. కూతురు జవాబుగా ఆవలించింది. ఎప్పుడూ తలూపి వెళ్ళిపోయే మనిషి, ఆ రోజు కదల్లేదు.

గుమ్మం దగ్గర నాయనమ్మ నన్ను ఆపి, సంచిలోంచి ఒక పొట్లం తీసింది. బూడిదరంగు ఉన్ని టోపీ, తెరమీద బొమ్మల రంగే.

"తమ్ముడూ, ఇది నీకు. పొట్టిగా అల్లాను. కనుబొమల మీదికి రాదు. వచ్చే తల్లులకి పనికొస్తుంది."

పెట్టుకున్నాను. అది నుదురు దాటి, కనుబొమలు దాటి, ముక్కు మీద ఆగింది.

"వదులుగా ఉందక్కయ్యా" అన్నాను చీకట్లోంచి.

"ఉండనీ తమ్ముడూ" అంది. "పెరుగుతావులే."